జగ్గారావు బాబాయ్ చేతిలో చచ్చినవాళ్లు

మా జగ్గారావు బాబాయ్‌కి ఒక మనిషి నచ్చితే చాలు, చంపేస్తాడు.

కంగారు పడకండి, కాయితం మీదే. రాయగడ మెయిన్ రోడ్డులో తాళ్లు, మేకులు, గునపాలు టోకుగా అమ్ముకునే మనిషి ఆయన. బేరం ఉంటే వ్యాపారం, లేకపోతే క్రైమ్ నవల. ఆయన్ని అచ్చేసే ప్రచురణకర్త ఈ భూమ్మీద లేడు. తనే రాసి, తనే అచ్చేయించి, తనే ఇంటర్నెట్‌లో పెట్టుకుంటాడు. పక్కన జిరాక్సు, ఫ్లెక్సుల షాపు నాది. కాబట్టి టైపు చేసేవాణ్ణి, అట్టమీద బొమ్మ వేసేవాణ్ణి, చదివి గుండె పట్టుకునే మొదటివాణ్ణి కూడా నేనే. నా పేరు గిరీష్. వరసకి ఆయన నాకేమీ కాడు, పిలుపుకి బాబాయ్.

గుండె ఎందుకు పట్టుకుంటానంటే, ఆయన కల్పించిన మనుషుల్ని చంపడు. "ఎవుడో తెలీనోడు సస్తే మనకేటి బాధ?" అంటాడు. ఊళ్లోవాళ్లనే, వాళ్ల పేర్లతోనే, పట్టపగలే చంపుతాడు. మొదటి నవలలో రిటైరైన లెక్కల మాస్టారు బాపిరాజు గారు బావిలో తేలారు. ఆ కబురు విని ఆయన పాత శిష్యులు గుండెలు బాదుకుంటూ ఆయన ఇంటికే పరుగెత్తుకొచ్చారు. మాస్టారు వాళ్లందరికీ టీ ఇప్పించి, తిన్నగా షాపుకి వచ్చారు.

"ఏటోయ్ జగ్గారావూ, నన్ను బావిలో ముంచేసేవు? నాకు ఈతొచ్చు కదా!"

"అదే కదండీ క్లూ!" అన్నాడు బాబాయ్.

మాస్టారు "ఔను సుమా" అంటూ ఒక కాపీ కొనుక్కుని వెళ్లిపోయారు.

మనం ఎవరైనా కనిపిస్తే బాగున్నారా అంటాం. బాబాయ్ "మీకు గిట్టనోళ్లు ఎవరైనా ఉన్నారేటండీ?" అంటాడు. ఓ పెళ్లిలో కన్యాదానం చేసి లేస్తున్న పెళ్లికూతురి తండ్రిని పక్కకి పిలిచి ఇదే అడిగాడు. ఆ పెద్దమనిషి అదిరిపోయి వియ్యంకుడి వైపు చూశాడు. అక్కణ్ణించి భోజనాలయ్యేదాకా రెండు వర్గాలూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూనే ఉన్నాయి.

మందుల షాపు సౌమ్యరంజన్ ఒడియావాడు, పాపం మెత్తనివాడు. ఆయన దగ్గరకెళ్లి "భాయ్, వాసన లేకుండా ఉండే విషం ఏటుంది?" అన్నాడు. సౌమ్యరంజన్ సగం షట్టరు దించేశాడు. ఇప్పటికీ బాబాయ్ రోడ్డు దాటుతుంటే చాలు, నోరు తెరవకముందే ఓ దగ్గు బిళ్లల పొట్లం బయటికి చాపుతాడు.

లక్ష్మీపూర్ నుంచి ఓ రైతు ఎద్దుకి పలుపు తాడు కొందామని వచ్చాడు.

"మెడకేనా?" అన్నాడు బాబాయ్.

"మెడకే బాబూ."

"అయితే ఇది వద్దు. గుర్తులుండిపోతాయి. పోలీసులు ఇట్టే పట్టీస్తారు."

ఆ రైతు తాడు వదిలేసి బస్టాండు వైపు నడిచిన నడక నాకింకా కళ్లకు కట్టినట్టుంది. గల్లా దగ్గర కూర్చున్న గౌరీశ్వరి పిన్ని నెత్తి కొట్టుకుంది. "మనుషులు సాలక బేరాల్ని కూడా సంపేస్తన్నావు కదయ్యా!"

సొంతంగా రాసుకునేవాడికి ఉండే కష్టాలన్నీ ఆయనకూ ఉన్నాయి. అందరికీ లేని కష్టం ఇంకోటి ఉంది. రాయగడ ఒడియా రాష్ట్రంలో ఉంది కదా, ఇక్కడి మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ, చదివింది ఒడియా కాబట్టి తెలుగు అక్షరం ముక్క రాదు. అందుకని బాబాయ్ మేకుల బస్తా మీద కూర్చుని అధ్యాయాలు చదివి వినిపిస్తాడు. వాళ్లలో ఒకడు హంతకుడెవరో కనిపెట్టేస్తాడు. అంతే, ఆయన నా షాపులోకి దూకేస్తాడు. "గిరీషూ, హంతకుణ్ణి మార్చీరా!" అలా మార్చీ మార్చీ ఓ నవలలో హంతకుడు కావడానికి ఎవడూ మిగలక, ఆఖరికి డిటెక్టివే లొంగిపోయాడు. దానికి ఇంటర్నెట్‌లో ఐదు చుక్కలకి ఒకే ఒక్క చుక్క రేటింగు వచ్చింది. ఇచ్చింది ఆయన సొంత బావమరిది. "హంతకుడికి నా మీసం పెట్టారు" అని కింద రాశాడు కూడా.

అయినా ఆయన ఏమాత్రం తగ్గలేదు. "క్లూ అనేది అందరి కళ్ల ముందరా ఉండాలి, ఎవుడికీ కనపడకూడదు. అది కుదిరిందా, రచన కుదిరినట్టే" అనేవాడు. నేను ఆవలించేవాణ్ణి.

ఇక అప్పమ్మ సంగతి. మా షాపులకి ఎదురుగా గారెలు, ఇడ్లీలు అమ్ముతుంది. ఆ గారెల కోసం బస్సు డ్రైవర్లు బస్సులు ఆపుతారు. పుట్టిల్లు రామనగుడ దగ్గర, వ్యవసాయదారులు. తమ్ముడు తిరుపతిరావు కూతురి పెళ్లిలో ఆడపడుచు చీర ముందు అప్పమ్మకి పెట్టాలి కదా, పొరపాటున పక్కనున్నావిడకి పెట్టారు. అప్పమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. ఆ తర్వాత మాటా మాటా పెరిగి రాకపోకలు పోయాయి.

ఏటా దీపావళి వెళ్లాక భగినీ హస్త భోజనం నాడు తమ్ముడికి ఇష్టమైనవన్నీ వండుతుంది. తమ్ముడు రాడు. ఆ విస్తరి ముందు బాబాయ్ కూర్చుంటాడు, పక్కన నేను. కిందటేడు వడ్డిస్తూ వడ్డిస్తూ అప్పమ్మ కూలబడిపోయింది.

"కాళ్లు అస్సలు రానంతన్నాయి బాబూ. వచ్చే ఏడు వండగలనో లేదో. ఆడికి ఒక్కసారి నా సేత్తో ఎట్టీసుకుంటే సాలు."

"కబురెట్టొచ్చు కదా?" అన్నాను నేను.

"నానా? సస్తే ఎట్టను. ఆడూ అంతే. నువ్వు సచ్చేవని తెలిస్తేగాని నీ గుమ్మం తొక్కనన్నాడు. మా ఇంట మాటంటే మాటే."

ఎంత మొండి మనుషులో అని నాకు నవ్వొచ్చింది. బిస్సమ్ కటక్‌లో ఉన్న మా అన్నయ్య హరితో కేరమ్స్ ఆట దగ్గర మాట పట్టింపు వచ్చి నేను ఏళ్లుగా మాట్లాడటం లేదు గానీ, అది వేరే సంగతి. బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అప్పమ్మా, సరిగ్గా గుర్తు తెచ్చుకో. సస్తే అన్నాడా, సచ్చేవని తెలిస్తే అన్నాడా?"

"తెలిస్తే అనే అన్నాడు. ఏటి తేడా?"

"సేనా ఉంది" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నా షాపులో ప్రత్యక్షమయ్యాడు. "గిరీషూ, అప్పమ్మని సంపేద్దాం."

నా చేతిలో టీ గ్లాసు కీబోర్డు మీద పడింది. "అయ్యో బాబాయ్! ఆవిడేం పాపం చేసింది?"

"నవల పేరు 'అప్పమ్మ ఇక లేరు'. రాసుకో."

పాపం ఆవిడ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. "మంచి సీరలో సంపు నాయినా" అని పట్టుచీర కట్టుకుని, పువ్వులు పెట్టుకుని ఫొటో దిగింది. బాబాయ్ ప్రచారానికి ఫ్లెక్సు కావాలన్నాడు. పైన ఫొటో, కింద పేరు, దాని కింద 'ఉత్కంఠభరిత క్రైమ్ నవల' అని వేశాను.

"ఫొటోకి దండ తగిలించు."

తగిలించాను.

"నవల అన్న ముక్క తగ్గించు. ఇంకా. ఇంకారా!"

"బాబాయ్, ఇక చీమలే చదవాలి."

"సదవనీ."

"ఏ సెంటర్లో కడదాం?"

"రామనగుడలో."

"అక్కడ నీ పుస్తకం ఎవరు కొంటారు?"

"కొత్త మార్కెట్టురా" అన్నాడు. వ్యాపారస్తుడు కదా అని అచ్చేసి ఇచ్చాను.

ఫ్లెక్సు కట్టిన మర్నాడు పొద్దున్న మా రోడ్డు మీదికి ఆటోల మీద ఆటోలు వచ్చాయి. వాటిలోంచి ఏడుపులు. ముందు ఆటోలోంచి ఓ పంచెకట్టు మనిషి చెప్పులు కూడా లేకుండా దూకి, "అప్పా! అన్నేయం సేసీసి ఎలిపోనావా అప్పా!" అని అరుస్తూ వచ్చి, గారెల మూకుడు ముందు ఠక్కున ఆగిపోయాడు. అప్పమ్మ చిల్లుల గరిటెతో గారె తిరగేస్తోంది. ఆగిన బస్సులో డ్రైవరు కూడా కిందికి దిగాడు.

"ఒలమ్మో! ఎవులు సచ్చేరురా తిరుపతీ?" అంది అప్పమ్మ.

"నువ్వే అప్పా!"

"నానా? నాను సచ్చిపోతే ఈ గారెలు ఎవులేపుతన్నారురా?"

ఆయన అక్కని ఒకసారి, మూకుడుని ఒకసారి చూసి, రోడ్డు మీదే చతికిలబడిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. "రాత్తిరి నుంచి మంచినీళ్లు ముట్టలేదే అప్పా" అన్నాడు.

"మరి గుమ్మం తొక్కీసేవు కదరా."

"తెలిస్తే వస్తానన్నాను. తెలిసింది. వచ్చేను" అన్నాడు తల వంచుకుని.

"సాల్లే. కాళ్లు కడుక్కో, అన్నం ఎడతాను."

కాళ్లు కడుక్కుంటుండగా ఆయనకి కోపం గుర్తొచ్చింది. ఎవరో బాబాయ్‌ని చూపించారు. తడి కాళ్లతోనే వచ్చి బాబాయ్ చొక్కా పట్టుకున్నాడు. "మా అప్పని సంపింది నువ్వేనా?" పిన్ని గునపాల కట్ట మీద చెయ్యి వేసింది.

"నవల అని రాసేను కదండీ" అన్నాడు బాబాయ్. "కింద సూడండి."

నేను ఫోనులో ఫ్లెక్సు తీసి, వేళ్లతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూపించాను. అప్పుడు వెలిగింది నాకు. అందరి కళ్ల ముందరా ఉంది, ఎవడికీ కనపడలేదు.

"ఆణ్ణొగ్గీరా తిరుపతీ" అంది అప్పమ్మ విస్తరి వేస్తూ. "ఆడు సంపబట్టే నువ్వొచ్చేవు." తిరుపతిరావు చొక్కా వదిలి, నలిగిన కాలరు తనే సర్ది, వెళ్లి కూర్చున్నాడు. అప్పమ్మ తన చేత్తో ముద్ద కలిపి పెట్టింది. బాబాయ్ మేకుల బస్తా వెనక్కి వెళ్లి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. దుమ్మట.

నవలలో బావిలో తేలిన నాటి నుంచి బాపిరాజు మాస్టారింటికి ఆ శిష్యులు ఇప్పటికీ ఆదివారాలు వస్తూనే ఉన్నారు. అది కూడా నాకు ఆ రోజే తట్టింది. ఇన్నాళ్లూ ఈయన నవలలు టైపు చేశానే గానీ, ఒక్కటీ సరిగ్గా చదవలేదన్నమాట! నాకు సిగ్గేసింది, ఆయన ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

మొన్న బాబాయ్ కొత్త నవల తెచ్చాడు. పేరు ఇంకా పెట్టలేదట.

"ఫ్లెక్సు ఎక్కడ కట్టాలి బాబాయ్?"

"బిస్సమ్ కటక్‌లో."

"ఎవర్ని చంపుతున్నావు?"

ఆయన నా మొహాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. "నవల అన్న ముక్క బాగా తగ్గించు" అనేసి వెళ్లిపోయాడు.

నేను ఇప్పుడు క్షవరానికి వెళ్తున్నాను. ఫొటోలో కాస్త బాగుండాలి కదా, అన్నయ్య చూస్తాడు.