గాజుపెట్టెలో పారిన యేరు

"పులుపు కాదప్పా నాకు బుద్ధిపుట్టింది. మామిడికాయ కాదు, చింతకాయ కాదు. మా యేట్లో చేపలు నీళ్లకెదురుగా ఈదేది సూడాలనిపించింది. తినేదానికి కాదు, ఊరికే సూసేదానికి! నువ్వు గూడా నవ్వుతాండావు సూడు. ఆ పొద్దు మా అత్త ఇట్లనే నవ్వింది."

ఆదిలక్ష్మమ్మ చేటలోని శెనక్కాయలు ఒలుస్తూనే, మోటరు రిపేరుకని వచ్చి కూర్చున్నాయనకు చెబుతోంది. మదనపల్లెలో ఆమె భర్త గంగాధరం మోటరు వైండింగు షాపంటే తెలియని రైతు లేడు. ఆ షాపు వెనకే వాళ్ల ఇల్లు. నడవలో గోడవార ఇనుప చట్రానికి బిగించిన మూడడుగుల గాజుపెట్టె ఉంది. దాని పైన చెక్క మీద పాత టేబుల్ ఫ్యాను మోటరు, పక్కన గోడకు రెగ్యులేటరు. ఆ రెండూ అక్కడెందుకున్నాయని ఎవరైనా అడిగితే చాలు, ఆమె చేట దగ్గరికి లాక్కుని కూర్చుంటుంది. ఒలిచిన గింజలు సగం వచ్చినవాళ్ల చేతిలోకే పోతాయి.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ఇప్పటికి పన్నెండేళ్ల కిందటి మాట. ఆమెకు ఐదో నెల. పుట్టిల్లు కుప్పం అవతల, అడివి అంచున. ఇంటి పెరడు దిగితే యేరు. ఆ యేట్లో వేలంత పొడుగున్న ఇసకరంగు చేపలుండేవి. రాళ్ల సందున నీళ్లు ఎంత వడిగా పారితే అంత సంబరంగా, నీళ్లు వచ్చేవైపు తల పెట్టి, తోక ఆడిస్తూ ఉన్నచోటే నిలబడేవి. ఊళ్లో వాటిని ఎదురుచేపలనేవాళ్లు. చిన్నప్పుడు బిందె ముంచడానికి పోయి, వాటిని చూస్తూ బిందెను వదిలేసి ఎన్నిసార్లు తిట్లు తినిందో!

వేవిళ్లు తగ్గాయి గాని ఆ చేపలు కళ్లలోంచి పోలేదు. కుప్పం పోయి చూసొద్దామంటే ఆస్పత్రి నర్సమ్మ బస్సెక్కే పనే లేదంది. ఆ రోడ్డు అట్లాంటిది మరి.

"కడుపుతో ఉండే ఆడది మన్ను తింటాననింది యిన్నాను, విభూది తింటాననింది యిన్నాను. చేపలు ఈదేది సూస్తాననింది ఈ పొద్దే యింటాండాను," అని అత్త మునిరత్నమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వయ్యాక ఆమే కొడుకును పిలిచింది. "ఒరే గంగా! కడుపుతో ఉండేది కోరింది తీర్సకపోతే బిడ్డకు చెవిలో చీము కారుతాది. నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. ఆ యేరేదో ఈడికే తెప్పించు."

గంగాధరానికి యేరు తెప్పించమంటే కష్టమేమీ తోచలేదు. నీళ్లు ఎక్కించడమే కదా తన పని! చుట్టుపక్కల బావుల్లో కాలిపోయిన మోటర్లన్నీ అతని చేతుల మీదుగానే మళ్లీ పాడేవి. వెల్డింగు షాపులో చట్రం కట్టించాడు, అద్దాలవాడి చేత గాజు బిగించి లప్పం పెట్టించాడు, బావమరిదికి కబురు పెట్టాడు.

ఆదిలక్ష్మి తమ్ముడు మునిరాజు సత్తు బిందెలో చేపలు, సంచిలో యేటి ఇసక, గుండ్రాళ్లు వేసుకుని కుప్పంలో బస్సెక్కాడు. పలమనేరు దాటేసరికి చేపలు నోళ్లు తెరిచాయి. బిందెలోని నీళ్లనే చెంబుతో ముంచి, గాలి కలిసేట్టు ఎత్తి పోయడం మొదలుపెట్టాడు. వాడి చెయ్యి నొప్పి పుడితే పక్కనున్న పెద్దాయన అందుకున్నాడు. పుంగనూరు బస్టాండులో పాలక్యాన్లవాళ్లు దిగి కొత్త జనం ఎక్కారు, చెంబు వాళ్ల చేతికి మారింది. "ఏమప్పా ఇది, చేపలకు తలంట్లు పోస్తాండారా?" అని కండక్టరు ఎగతాళి చేశాడట. మదనపల్లె దగ్గర పడేసరికి చెంబు అతని చేతిలోనే ఉంది.

అట్లా బస్సంతా ఎత్తిపోస్తే వచ్చిన చేపలు గాజుపెట్టెలో పడగానే డీలాపడిపోయాయి. నిలవ నీళ్లు వాటికి గిట్టలేదు. పైకి తేలి గుటకలేస్తున్నాయి. సాయంత్రానికి ఒకటి వెల్లకిలా పడింది.

"అక్కా, తెల్లారేలోపల నీళ్లు పారకపోతే ఒక్కటీ మిగలదు. యేట్లో నీళ్లు సన్నగిల్లిపోయినాయి. నేను మళ్లా పోయినా ఈ పొద్దుకు దొరికేటివి కావు," అన్నాడు మునిరాజు.

ఆదిలక్ష్మి పీట లాక్కుని గాజు ముందు కూర్చుంది. అన్నం పెట్టినా లేవలేదు. చచ్చిన చేపను అత్తే తీసి మల్లెచెట్టు మొదట్లో పూడ్చింది. పులుసన్న మాట ఆమె నోట కూడా రాలేదు.

"నీళ్లు పారల్ల, అంతే గదా!" అంటూ గంగాధరం షాపులోకి పోయాడు. రైతొకాయన రిపేరుకిచ్చిన అర హార్స్‌పవర్ మోటరు ఒకటి ఎత్తుకొచ్చాడు. పీల్చే గొట్టానికి చేపలు పోకుండా జల్లెడ కట్టాడు. దాన్నీ, వదిలే గొట్టాన్నీ పెట్టెలోకి దించి, మీసం ఒకసారి సర్దుకుని స్విచ్చి వేశాడు.

మెట్టసీమలో పుట్టినవాడికి నీళ్లు ఎక్కువవుతాయన్న భయం ఎక్కడినుంచి వస్తుంది? ఎంత దూరం దూకితే అంత మంచి మోటరు, అతనికి తెలిసిన లెక్క అదే. నీళ్లు దూకాయి. అటు గాజుకు కొట్టుకుని లేచి గోడమీది క్యాలెండరును తడిపాయి. తిరగలి పక్కన చేటలో ఉన్న కందిపప్పు నానింది. చేపలు గిరగిరా తిరిగి ఒక మూల కుప్ప పడ్డాయి.

"ఆపరా! చేపలను పెట్టమంటే రుబ్బతాండావు గదరా!" అని మునిరత్నమ్మ కేకేసింది. మునిరాజు స్విచ్చి మీద పడ్డాడు.

"బాగా వచ్చినాయి గదమ్మా నీళ్లు," అన్నాడు గంగాధరం, మొహం తుడుచుకుంటూ. ఆ మాటకు ఆదిలక్ష్మికి ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. చీకటి పడుతుంటే, తడిసిన పప్పు మధ్య కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. అది చూసి అతనికి ఉత్సాహం వచ్చింది.

ఈసారి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను రెక్కలు పీకేశాడు. ఇరుసుకు పొడుగాటి కమ్మీ తగిలించి, దాని కొనకు డబ్బారేకు కత్తిరించి చిన్న రెక్కలు బిగించాడు. మోటరును పెట్టె మీద చెక్కకు నిలువుగా కట్టి, కమ్మీ కొనను నీళ్లలో నిలబెట్టిన, కింద మూతి పక్కకు వంగిన గొట్టంలోకి దించాడు. పైన మోటరు తిరిగితే కింద రెక్కలు నీళ్లను తోస్తాయి. వడి తగ్గించాలంటే ఫ్యాను రెగ్యులేటరే ఉంది. "అమ్మా, ఈ ఎండాకాలం నీకు విసనకర్రే," అన్నాడు. మునిరత్నమ్మ మూతి ముడిచిందే గాని వద్దనలేదు.

నీళ్లు కదిలాయి. పెట్టెలోనుంచి బయటికి ఒక్క చుక్క రాలేదు. అయినా చేపలు కుదురుకోలేదు. రెగ్యులేటరు ఎంత తగ్గించినా ధార ఒకే గీతలాగా పోయి అటు గాజును తాకుతోంది. ఆ దారిలో పడిన చేప కొట్టుకుపోతోంది, పక్కనున్న చేపకు కదలికే లేదు. ఇంకా తగ్గిస్తే రెక్కలు ఆగిపోతున్నాయి. గొట్టం ముందర ఇసక లేచిపోయి గుంట పడింది.

ఆ గుంటను ముందు చూసింది మునిరత్నమ్మ. కురబలకోట దగ్గర సొంత చేలో పెళ్లైననాటినుంచి మడులకు నీళ్లు తిప్పిన మనిషి ఆమె.

"ఒరే, మీ నాయన బావికాడ మోటరు నీళ్లు పడేచోట బండ ఎందుకు ఏసినాడు?"

గంగాధరం వంగి గుంటను చూశాడు. నీళ్లు పడేచోట బండ లేకపోతే గుంట పడుతుంది, మొక్కలు కొట్టుకుపోతాయి. బండకు తగిలి చెదిరిన నీళ్లు నెమ్మదించి కాలవలోకి దిగుతాయి. ఆ బండ మీద కూర్చునే అతను చిన్నప్పుడు స్నానం చేసింది. దినానికొక బావి చూస్తాడు, బండ చూస్తాడు. మోటరు తప్ప వేరే ఏదీ కంటికి ఆనలేదు.

మునిరత్నమ్మ స్నానాల గదిలోకి పోయి, కాళ్లు రుద్దుకునే రాయి తెచ్చింది. అరచేయంత పలక. ఆ రాయిని ఇంట్లో ఎవరు తాకినా ఊరుకునేది కాదు. మోటరు ఆపించి, చీర కొంగు నడుముకు దోపి, మోచేతిదాకా చెయ్యి ముంచి, దాన్ని గొట్టం మూతికి ఏటవాలుగా నిలబెట్టింది. యేటినుంచి తెచ్చిన గుండ్రాళ్లు అక్కడక్కడా అడ్డం పేర్చింది. "ఇప్పుడెయ్యి."

ధార రాతికి తగిలి పరుచుకుంది. పెట్టె ఈ కొసనుంచి ఆ కొసకు నీళ్లు కదిలి, గాజు తాకి, కిందినుంచి తిరిగొచ్చాయి. ఒక చోట వడి, ఒక చోట నెమ్మది, రాళ్ల వెనక సుడి. అందరూ గాజు దగ్గరికి జరిగారు. ముందు ఒక చేప తల తిప్పింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే అన్నీ తలలు రాయివైపు పెట్టి, తోకలు ఆడిస్తూ నిలబడ్డాయి.

"అత్తా, సూడు! నిలబడినాయి!" అంది ఆదిలక్ష్మి. సరిగ్గా అప్పుడే కడుపులో ఏదో చిన్నగా కదిలింది. అత్త చెయ్యి లాక్కుని తన కడుపు మీద పెట్టుకుంది.

"ఇది గూడా ఎదురీదుతాండాదే!" అంది మునిరత్నమ్మ.

మర్నాటినుంచి వీధంతా ఆ నడవలోనే. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఆ రాయి మీద నీళ్లు ముంచి పోసేవాళ్లు. పక్కింటి కుప్పమ్మ పొయ్యి మీది పులుసు మాడ్చుకుంది గాని చేపలను చావనివ్వలేదు. కూతురు పుట్టాక, అది గుక్కపట్టి ఏడిస్తే రెగ్యులేటరు తిప్పడమే మందు. మోటరు మూలుగు వింటూ నిద్రపోయేది. చెవిలో చీము కాదు గదా, చెవిపోటు కూడా రాలేదని మునిరత్నమ్మ ఊరందరికీ చెప్పుకుంది. కాళ్లు రుద్దుకోవడానికి మాత్రం ఆమెకు మళ్లీ అట్లాంటి రాయి దొరకలేదు.

ఇప్పుడు ఆదిలక్ష్మమ్మ చేట పక్కన పెట్టి, ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచింది. పెరట్లోంచి సత్తు బిందె తెచ్చి వచ్చినాయన ముందు పెట్టింది. అదే బిందె. మూతి దగ్గర సొట్ట.

"నువ్వు రేపు కుప్పం పోతాండావు గదప్పా? పుంగనూరులో మా తోడికోడలు సరోజమ్మకు ఇప్పుడు ఐదో నెల. ఇన్నేండ్లకు కడుపు పండింది. ఈ పెట్టె కత ఇని ఇని, దానికి గూడా ఎదురుచేపలే సూడాలని ఉండాదంట. పెట్టె, ఫ్యాను మోటరు కట్టించి పెట్టుకోనుండాది. మా మునిరాజు యేట్లో చేపలు పట్టిస్తాడు. వచ్చేటప్పుడు పుంగనూరులో దిగి దాని ఇంట్లో ఇచ్చేసి రా. బస్సులో చెంబు ఎవురి చేతికైనా ఇయ్యి, ఎవురూ కాదనరు. మా ఆయనకు మాత్రం చెప్పొద్దు. ఈ తూరి ఐదు హార్స్‌పవర్‌ది ఎత్తుకుని పోతాడు."

బిందె చేతికిచ్చి వీధిగుమ్మం దాకా వచ్చింది. లోపల మునిరత్నమ్మ దగ్గింది. ఆదిలక్ష్మమ్మ గొంతు తగ్గించింది.

"ఆ యేట్లోనే అరచేయంత పలకరాళ్లు ఉంటాయి. రెండు తే అప్పా. ఒకటి సరోజమ్మకు, ఒకటి మా అత్త కాళ్లకు."