అమ్మ ఎదురు మాట్లాడిన సాయంత్రం

ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతుంటే ఉడికించిన పల్లీల వాసన తగిలిందంటే చాలు, నాచారంలో మా రెండు గదుల ఇల్లూ, వానాకాలపు సాయంత్రాలూ, బొగ్గుల మీద చిటపటలాడే మక్క కంకులూ, బోనాల కోసం నానమ్మ ముందుగానే ఉతికి ఆరేసుకునే పసుపు చీరా, గల్లీలో మా దాగుడుమూతలూ, ఆ గోల మధ్యనే ఇంగ్లిష్ పరీక్షకు చదువుకునే అమ్మా అన్నీ కళ్ల ముందుకొస్తాయి.

అమ్మ దవాఖానాలో నర్సు. ఆ పరీక్ష గట్టెక్కితే ఐర్లాండ్‌లో ఉద్యోగం. నాన్న ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఇంటికి కనబడ్డ దారి అదొక్కటే. చదవడం, రాయడం, వినడం అన్నీ దాటేసి, మాట్లాడే దగ్గర బోల్తా పడింది. పెద్దల ముందు తలొంచుకుని, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబివ్వాలని మా ఇంట్లో నేర్చుకున్న కోడలాయె. పరీక్ష పెట్టే పెద్దాయన మీ ఊరి గురించి చెప్పమంటే, మంచి ఊరు సార్ అని ఇంగ్లిష్‌లో చెప్పి ఊరుకుందట. నాకు నవ్వాగలేదు. నానమ్మ మాత్రం నవ్వలేదు.

"గా అలవాటు చేసింది నేనే. నేనే మాన్పిస్త," అంది.

ఇక రోజూ వంటలయ్యాక నానమ్మ ఒళ్లో పల్లీల గిన్నె పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో దర్జాగా కూర్చునేది, అమ్మ ఎదురుగా పీట మీద. నానమ్మకు ఇంగ్లిష్ ముక్క రాదు. "ముందుగాల మన మాటల చెప్పు, ధైర్నమొస్తె ఇంగ్లిష్ అదే వస్తది. కిందికేం సూస్తవ్, నా మొకం సూడు," అని గదమాయించేది. కీసర గుట్ట జాతర గురించీ, పుట్టింటి పొలం గురించీ చెబుతూ చెబుతూ అమ్మకు కొద్దికొద్దిగా నోరు పెగిలింది.

మళ్లీ పరీక్ష రేపనగా నానమ్మ అడిగింది. "ఈ ఇంటికొచ్చినంక నీకేం కష్టమైంది?"

అమ్మ పీట ముందుకు జరుపుకుంది. తర్వాత తలెత్తి మొదలుపెట్టింది. ఆడపిల్ల పుట్టిందని నానమ్మ నన్ను చూడ్డానికి దవాఖానాకు రాకపోవడం, నైట్ డ్యూటీ నుంచి వచ్చి వండిన కూరకు వంకలు పెట్టడం, పుట్టింటి మాటెత్తితే మొహం ముడుచుకోవడం, అన్నీ నానమ్మ కళ్లలోకి చూస్తూ ఆగకుండా చెప్పింది. నాకు భయమేసింది. నానమ్మ ఒక్క మాటకూ అడ్డం రాలేదు. అంతా విని, కొంగుతో కళ్లు తుడుచుకుని, "రేపు గిట్లనే చెప్పు బిడ్డా," అంది.

అమ్మ పాసైంది. ఐర్లాండ్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చింది. నాచారం ఇంటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది, ఆ గల్లీలో ఆడే పిల్లల్లేరు, నానమ్మా లేదు. మొన్న నేనే ఆ సాయంత్రం మాటెత్తి, నానమ్మ నిన్ను అంత ఏడిపించిందా అని అడిగాను.

"ఏడిపించింది," అంది అమ్మ. "కానీ నా మాట మొత్తం విన్నది ఆమె ఒక్కతే."