మా తోడికోడలి మాట

ఏలూరులో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నదాన్ని. ‘సెట్’ అనే చిన్న మాటకు నిఘంటువు ఎంత చోటు ఇస్తుందో చూపించినప్పుడల్లా క్లాసంతా ‘అబ్బో’ అంటుంది. సూర్యుడు కుంగినా సెట్టే, సిమెంటు గట్టిపడినా సెట్టే, విరిగిన ఎముకకు కట్టు కట్టినా సెట్టే, నేను పరీక్ష పేపరు తయారుచేసినా సెట్టే. ఆ పాఠం చెప్పడమంటే నాకు ఒకప్పుడు సరదా. తర్వాత తర్వాత ఆ మాట చెవిన పడితేనే ఒళ్ళు మండేది. దానికి కారణం మా తోడికోడలు.

మా మరిదివాళ్ళు కైకలూరులో ఉంటారు. చేపల చెరువులవాళ్ళకు ఐసూ మేతా అమ్మే దుకాణం వాళ్ళది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మరిదే గానీ, దుకాణం నడిపేది ఆవిడ. ఆవిడ చేతిలో ఆ ఒక్క మాటతో ప్రపంచమంతా నడిచిపోతుంది. మోటారు మొరాయిస్తే మెకానిక్ వచ్చి సెట్ చేస్తాడు. పాలు తోడుకుంటే పెరుగు సెట్ అయింది. మజ్జిగ తాగాక పొట్ట సెట్ అయింది. గట్టు కోసం కొట్టుకున్న అన్నదమ్ములు సెట్ అయిపోయారు. పెళ్ళికి బ్యాండు సెట్, ప్రార్థన కూటానికి మైకు సెట్. వంకాయ రంగు చీర మాత్రం నాకు సెట్ అవ్వదట. ఆ సంగతి ఆవిడ నలుగురిలో చెప్పింది, నేను ఆ చీరే కట్టుకుని ఉండగా.

ఇంగ్లీషువాళ్ళ మాటలో సూర్యుడు కుంగిపోతాడు. మా తోడికోడలి మాటలో ఏదీ కుంగదు. సెట్ అయిందంటే బాగుపడిందనే అర్థం. నేను పుస్తకాలు పట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్న మాటని ఆవిడ ఇలా లాక్కుని, అలా తనకు కావలసినట్టు మలుచుకుని, సొంతం చేసుకుంది. నా కూతుర్ని కూడా అలాగే చేసుకుంది.

వేసవి వస్తే నాకు పదో తరగతి పేపర్లు దిద్దే పని, అది అయ్యాక ట్రైనింగులు. అందుకని అమ్మాయి చిన్నప్పటి సెలవులన్నీ కైకలూరులోనే గడిచాయి. తిరిగొచ్చేటప్పుడు ఎండకు నల్లబడి, బుగ్గలు వచ్చి, ఆ దుకాణం వాసనతో, నోటినిండా ఆ మాటతో బస్సు దిగేది.

“అమ్మా, జడ సెట్ చెయ్యి.”

“జడ వెయ్యమ్మా అనాలి.”

“పిన్ని సెట్ చేస్తుంది. నువ్వయితే వేస్తావు” అంది ఒకసారి, అద్దంలోంచి నన్ను చూస్తూ. పసిపిల్ల మాటే. అయినా ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పిల్ల పెద్దదయ్యాక, ఉద్యోగంలో చేరాక కూడా అంతే. తణుకు సంబంధం వచ్చి, అబ్బాయి వచ్చి మాట్లాడి వెళ్ళాక, నచ్చాడా అని నెమ్మదిగా అడిగాను. “చూద్దాంలేమ్మా” అంది. సరే, సిగ్గనుకున్నాను. సాయంత్రం బట్టలు తీయడానికి డాబా ఎక్కుతుంటే, నీళ్ళ ట్యాంకు చాటున ఫోను పట్టుకుని నవ్వుతోంది. “సెట్ అవుతాడనే అనిపిస్తోంది పిన్నీ.”

నా కూతురి మనసులో మాట నేను మెట్ల మీద నిలబడి, వేరే మనిషికి చెబుతుండగా వినాల్సివచ్చింది. ఆ రోజు మా తోడికోడలి మీద నిజంగానే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆవిడకి ఐసు దుకాణం ఉంది, ఇద్దరు కొడుకులున్నారు, ఊరినిండా పలకరించేవాళ్ళున్నారు. నాకున్నది ఈ ఒక్క పిల్ల.

అందుకే పెళ్ళిరోజు మాత్రం ఎవరికీ వదలకూడదనుకున్నాను. మా క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికూతురికి తెల్లచీర కట్టాక తలలో పూలు పెట్టి, ముసుగు వేసి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసేది తల్లి. అప్పుడే గుడికి బయలుదేరతారు. “ఆ పని అంతా నాదే, ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు” అని వారం ముందు నుంచీ అందరికీ చెబుతూ వచ్చాను. ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలే ఉంటుంది.

మే నెల. మల్లెదండలు ముందురోజే తెప్పించి ఫ్రిజ్‌లో భద్రం చేశాను. ఇంటినిండా చుట్టాలు. చల్లటి నీళ్ళ కోసం ఆ తలుపు తీసినవాళ్ళు తీసినట్టే ఉన్నారు, సరిగ్గా వేసినవాళ్ళు లేరు. తెల్లారి చూస్తే మల్లెలు గోధుమరంగుకు తిరిగి, వడిలి, ముద్దయి ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఆ వేళకి బజారుకు పంపి, దండలు కట్టించి తెప్పించే వ్యవధి లేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు కైకలూరు ఆటో ఆగింది. మా తోడికోడలు పట్టుచీరలో, రెండు చేతులా తెల్లటి థర్మోకోల్ పెట్టె ఎత్తుకుని దిగింది.

“అక్కా, మీరేం కంగారు పడకండి. ఎందుకైనా మంచిదని పూలు తెచ్చానండి. అంతా సెట్.”

పెళ్ళికూతురి గది గుమ్మంలోనే పెట్టె దించి మూత తీసింది. అడుగున ఐసు, దాని మీద కవరు, కవరు మీద పూలు, మళ్ళీ కవరు, మళ్ళీ ఐసు. లారీకి ఎక్కించే చేపల్ని వరస మీద వరస ఎలా పేరుస్తారో అలాగే పేర్చింది. మల్లెలు అప్పుడే కోసినట్టు తళతళలాడుతున్నాయి. నా మొహం మాడిపోయింది. మరుక్షణం వాసన వచ్చింది.

మల్లెల వాసన కాదు. మల్లెలతో కలిసిన చేపల వాసన.

“పెట్టె కొత్తదేనండి అక్కా” అంది గాభరాగా.

“మరి ఐసు?”

“ఐసు... మన దుకాణం ట్రేలోంచే తీశానండి.” చేపలు మోసే ట్రే అది. పొద్దున లేస్తే ఆ చేపల మధ్యే బతికే మనిషికి ఆ వాసన ఒకటుందని గుర్తే లేదు. ఎప్పుడూ దేనికీ తడబడని ఆవిడ మొహం చిన్నబోయింది. దేవుడు నన్ను క్షమించాలి గానీ, నాకు భలే సంతోషం వేసింది.

“పిల్లని ఈ కంపుతో గుడిలోకి పంపిస్తామా?” అన్నాను, పక్కగదిలో చుట్టాలకు కూడా వినపడేలా. వడిలినవైనా సరే, నా పూలే పెడదామని దండ చేతిలోకి తీసుకున్నాను.

తెల్లచీరలో కుర్చీ మీద కూర్చున్న అమ్మాయి చెయ్యి చాపింది. “అవి ఇలా ఇవ్వండి.” పిన్ని తెచ్చిన దండ అందుకుని మొహం అందులో దాచుకుంది. మూతి ముడుస్తుంది, ముక్కు మూసుకుంటుందని చూస్తున్నాను. తల ఎత్తేసరికి కళ్ళల్లో నీళ్ళున్నాయి.

“పిన్నీ, అచ్చం మీ ఇల్లే” అంది. తర్వాత నా వైపు తిరిగి, “అమ్మా, ఇవే పెట్టు” అంది.

పెట్టాను. నా చేతుల్తోనే పెట్టాను. ముసుగు వేసి, పిన్నులు గుచ్చి, తల మీద చెయ్యి ఉంచాను. ఏం ప్రార్థించానో ఆయనకే తెలియాలి. నాకైతే ఆ వాసన తప్ప ఒక్క మాటా తట్టలేదు. తోడికోడలు గది లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, ఖాళీ పెట్టెకి మూత పెడుతూ ఉండిపోయింది.

గుడిలో పాస్టరుగారు దీవించడానికి పిల్ల తల మీదికి వంగినప్పుడు నేను ఆయన ముక్కు వైపే చూశాను. కదల్లేదు. తర్వాత గుర్తొచ్చింది, ఆయనది కైకలూరు పక్క మండవల్లి, ఊరి చుట్టూ చేపల చెరువులే.

మర్నాడు పొద్దున తణుకు నుంచి ఫోనొచ్చింది.

“అమ్మా, ఇక్కడ అంతా సెట్. అత్తయ్యగారు బాగా చూసుకుంటున్నారు. రాత్రి నీ కోసం కాస్త ఏడ్చాను, ఇప్పుడు బాగానే ఉన్నాను.”

ఆ మాట మొదటిసారి నా చెవికి తియ్యగా తగిలింది. అడగకూడదనుకుంటూనే అడిగాను. “పిన్నికి చేశావా?”

“లేదమ్మా. ముందు నీకే.”

వంటింట్లోంచి హాల్లోకి నడిచాను, మళ్ళీ వంటింట్లోకి వచ్చాను. మావారు ఏమిటన్నట్టు చూస్తే చేత్తోనే ఆగమన్నాను. “నాకేనా?” అన్నాను.

“ఊ. నిన్న కారెక్కేటప్పుడే పిన్ని ఒట్టు వేయించుకుంది. ముందు అమ్మకే చెయ్యాలి, నాకు ఆ తర్వాత చేద్దువుగాని అంది.”

స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి.

“అయితే ఇంక ఫోను పెట్టేసి, ఆవిడకి చెయ్యి” అన్నాను.