గడియారం మేడలో కాజాలక్క కొట్టు

బజారు నడిబొడ్డున ఉన్న గడియారం మేడను ఒక బట్టల వర్తకుడు కట్టించాడు. కింద కొట్లు, పైన ఆఫీసు గదులు, మధ్యలో చెక్కమెట్లు. ఆ మెట్ల పక్క కొట్లో ఒక పెద్దాయన కుట్టు మిషన్ పెట్టుకున్నారు. ఆయన పోయాక అది కోడలి చేతికి వచ్చింది. బజారంతా ఆమెను కాజాలక్క అనేవారు. చొక్కా గుండీలు ఊడినా, మొగుడూ పెళ్ళాలు తగవులాడుకున్నా ఆమె దగ్గరికే వచ్చేవారు. రెండూ బిగించి పంపేది.

వర్తకుడి మనవడి హయాంలో పైకప్పు కారడం మొదలైంది. అతను కావాలనే బాగుచేయించలేదు. మేడ దానంతట అది పాడుబడితే కూల్చి, స్థలం అమ్ముకోవాలని అతని ఎత్తు. కాజాలక్క కొట్లవాళ్ళను కూడగట్టి, కప్పు మీద టార్పాలిన్లు పరిపించింది. కూల్చే యంత్రం వచ్చిన రోజున గుమ్మంలో బైఠాయించి, "ముందు నన్ను కూల్చండిరా!" అని అరిచింది. గొడవ పేపర్లకెక్కింది, ఆపైన కోర్టుకెక్కింది. పాత కట్టడాన్ని ముట్టుకోవద్దని తీర్పు వచ్చింది.

దాంతో మనవడు ప్లేటు ఫిరాయించాడు. మేడకు పాత కళ తెప్పిస్తానన్నాడు.

"పనయ్యేదాకా ఖాళీ చెయ్యండక్కా. మీ కొట్టు ఎక్కడికీ పోదు. మిషన్ బరువు కదా, ఇక్కడే ఉంచండి."

ఆమె నమ్మింది.

మేడ ప్రారంభం నాడు భర్తతో కలిసి వెళ్ళి చూస్తే ఆమె కొట్టున్న చోట కాఫీ హోటల్ ఉంది. నడుమ ఆమె మిషన్. బెల్టు పీకేసి, వార్నిష్ పూసి, చుట్టూ తాడు కట్టారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నా కొట్టేదయ్యా?"

"అద్దెలు పెరిగాయక్కా. మీకోసం ఒకటి ఆలోచించాను. ఆదివారాలు వచ్చి ఈ మిషన్ దగ్గర కూర్చోండి. కుట్టక్కర్లేదు. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు."

"నన్ను బొమ్మననుకున్నావా? ఈ మేడ గొంతు పిసకబోయింది నువ్వు. అడ్డం పడింది మేము. ఇవాళ రిబ్బను కత్తిరించడానికి సిగ్గు లేదూ!"

అతిథులు కప్పులు పట్టుకుని బిక్కచచ్చిపోయారు. ఆమె తాడు లాగి పారేసి భర్త వైపు తిరిగింది.

"చూస్తారేం? అటు పట్టుకోండి."

"నడుం పట్టేస్తుందేమోనే..."

"మీ నడుం సంగతి తర్వాత!"

ఇద్దరూ మిషన్ మోసుకుంటూ ఆ జనం మధ్యనుంచే బయటికి నడిచారు.

ఇప్పుడామె వెనక సందులో కుడుతోంది. పాత ఖాతాదారులు వెతుక్కుంటూ వస్తున్నారు. కొట్లు పోయిన మిగతావాళ్ళతో కలిసి మనవడి మీద వేసిన కేసు ఇంకా తేలలేదు. ఎవరైనా "మేడ భలే కుదిరిందక్కా" అన్నారో, నోట్లో పెట్టుకున్న గుండుసూదులు తీసి మరీ తిడుతుంది.