శుక్రవారం నిప్పు అడిగిన గల్లీ

కార్తీక మాసం, మూడో సోమవారం, పొద్దున తొమ్మిది గంటలు. సంస్థానం వారి గంట తొమ్మిది కొట్టడం నేను చెవులారా విన్నాను. అప్పుడే నా కొడుకు పుట్టాడు. వనపర్తిలో, బండి కూడా తిరగని ఒక సందు గల్లీలో, అద్దెకు తీసుకున్న ఒంటి గదిలో. నేను ఏ గల్లీని నోటికొచ్చినట్టు తిట్టానో అదే గల్లీలో.

తిట్టడం ముందు, ఉండటం తర్వాత. అదెట్లా జరిగిందో చెప్తాను.

మాది అమ్రాబాద్ వైపు. ఊరికి దూరంగా, ఒక ఆసామి మోటబావి దగ్గర గుడిసెలో ఉండేవాళ్లం. మా ఆయన ఆ ఆసామి దగ్గర జీతం ఉన్నాడు. నా మొదటి కాన్పు ఆ గుడిసెలోనే అయింది. మా ఆయన బండి కట్టుకుని వేరే ఊరు పోయాడు. నేను అరిచాను. మోటబావి దగ్గర అరిస్తే ఎవరికి వినపడుతుంది? ఊరి నుంచి మనిషి వచ్చేసరికి బిడ్డ లేదు. ఆడపిల్ల. దాని గురించి ఇంతకంటే రాయను.

రెండోసారి నెల తప్పినప్పుడు మా ఆయనతో ఒకటే మాట అన్నాను. "నేను ఈడ కనను. నలుగురు మనుషులున్న కాడికి తీస్కపో. తీస్కపోకుంటె నేనే పోత." ఆయన మూడు రోజులు ఎడ్ల పనిలోనే తిరిగాడు. నాలుగో రోజు, వనపర్తిలో పల్లీల బస్తాలు రైలు స్టేషన్‌కు తోలడానికి బండ్లు కావాలంటున్నారని చెప్పాడు. ఒప్పుకున్నానని ఆయన నోటితో ఎప్పుడూ అనడు. అట్లాగే చెప్తాడు.

దసరా పోయాక బండి కట్టాం. నాకు ఎనిమిదో నెల నిండింది. నాగర్‌కర్నూల్ దాటాక వలపటి ఎద్దు, కుడివైపుది, కుంటింది. గోపాల్‌పేటలో ఆగి దానికి లాడం కొట్టించాల్సి వచ్చింది. నాకు ఒళ్లు వెచ్చబడి, బండి కింద నీడలో పడుకున్నాను. లేచేసరికి పొద్దు పొడుస్తోంది. నాకది ఒక్క రాత్రి నిద్ర అనిపించింది. నిజానికి నడుమ ఇంకో పగలూ ఇంకో రాత్రీ గడిచాయి. ఆ రోజును నేను లెక్కలో వేసుకోలేదు.

వనపర్తిలో దిగేసరికి పొద్దు గుంకుతోంది. మా ఆయన ముందే ఒక ఇల్లు మాట్లాడి పెట్టాడు. బజారు వీధిలో, దుకాణాల నడుమ, గూన పెంకుల ఇల్లు. బండి గుమ్మం దాకా వస్తుంది. ఎడ్లు కట్టేయడానికి దొడ్డి ఉంది. బస్తాలు ఎత్తే చోటు పిలిస్తే పలికేంత దగ్గర. ఆయనకు ఇంకేం కావాలి? ఆ బజారు వెనకే ఒక గల్లీ. అందులో కూడా ఒక గది ఖాళీగా ఉందని దోవలో ఎవరో చెప్పారు.

మా అమ్మకు ఒక అలవాటు ఉండేది. కొత్త చోట దిగితే, మూట విప్పకముందే పక్కింట్లో నిప్పు అడిగేది. ఆ రోజుల్లో అడగక తప్పేది కాదు కూడా. పెద్ద లడాయి, ప్రపంచ యుద్ధం నడుస్తోంది, అగ్గిపెట్టె దొరకడం కష్టం. పొయ్యి ఆరితే పిడక పట్టుకుని పక్కింటికి పోవడమే. నిప్పు ఎట్లా ఇస్తారో చూస్తే వాళ్లతో ఉండొచ్చో లేదో తెలుస్తుందని అమ్మ నమ్మకం. నేనూ అదే చేద్దామనుకున్నాను. చేతిలో పిడక పట్టుకుని, కడుపు మోసుకుంటూ, మొదట గల్లీలోకి పోయాను.

మొదటి ఇంటి గుమ్మంలో ఒక అవ్వ కూర్చుని ఉంది. గోడ గూట్లో అప్పుడే దీపం పెట్టినట్టున్నారు. "అవ్వా, జర నిప్పియ్యి" అన్నాను. ఆమె నా మొహం చూసింది, పిడక చూసింది, కడుపు చూసింది. లోపలి నుంచి కోడలు తొంగి చూసి అత్త చెవిలో ఏదో అంది.

"రేపు పొద్దుగాల రా బిడ్డా" అంది అవ్వ.

"నాకు రేపు ఎందుకు, ఇప్పుడే వండుకోవాలె."

"రేపు రా. ఇప్పుడు గాదు."

పక్కింట్లో దూది ఏకే వాళ్లు. అక్కడి ఇల్లాలు, తర్వాత నేను వదిన అని పిలిచిన ఆమె, ఇవ్వడానికి లేచింది కూడా. అవ్వ కళ్లతోనే ఆపింది. వదిన మళ్లీ కూర్చుంది. ఆ ఎదుటింట్లో, గోడ మీద సిలువ గీసిన ఇంట్లో, తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను ఇక తట్టలేదు. నడి గల్లీలో నిలబడి, "నిప్పు కణిక ఇయ్యనోళ్లు పాడె మోస్తరా, కాన్పు చేస్తరా?" అని గట్టిగానే అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. అవి రాయడానికి పనికిరావు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

బజారులోకి వచ్చాను. చాయ్ హోటల్ ముందు పొయ్యి భగభగ మండుతోంది. అడిగీ అడగకముందే హోటలాయన పట్టకారుతో రెండు కణికలు తీసి పిడక మీద పెట్టాడు. నా మొహం కూడా చూడలేదు. "చూస్తివా, ఇది మంచి వాడ" అన్నాను మా ఆయనతో. ఆయన మీసం కింద నవ్వుకుని బండిలోని సామాను దించాడు. ఆ నవ్వు ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

అన్నం వండుతుండగానే దుకాణాలు మూయడం మొదలైంది. పలకలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అడ్డగడియలు వేసి, తాళాలు బిగించి, ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. ఇళ్లు ఎక్కడో. హోటలాయన పొయ్యి మీద నీళ్లు చల్లి ఆయన కూడా పోయాడు. అన్నం ఉడికేసరికి ఆ వీధిలో మేమిద్దరం, రెండు ఎడ్లు, ఒక కుక్క మిగిలాం. నేను గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాను. ఎటు చూసినా తాళాలే. మా ఆయన రేపో ఎల్లుండో బస్తాలతో స్టేషన్‌కు పోతాడు. అక్కడ రైలు డబ్బాలు దొరికేదాకా బండ్లు ఆగాలి. ఒక్కోసారి మూడు రోజులు కూడా పడుతుందట. నాకు మోటబావి గుర్తొచ్చింది. అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. నిన్నటి అవ్వ. చేతిలో పగిలిన కుండ పెంకు, అందులో పిడక నిప్పు, ఆరకుండా మీద బూడిద కప్పి ఉంది.

"నీ ఇల్లు ఏడనో తెల్వక మూడు బజార్లు తిరిగిన. కడుపుతోని ఉన్న కొత్తామె ఏడ దిగిందని అందర్ని అడుగుకుంట వచ్చిన. పట్టు, చెయ్యి కాల్తుంది."

నేను పట్టుకోలేదు. "నిన్న లేని నిప్పు ఇయ్యాల ఏడికెల్లి వచ్చింది అవ్వా?"

"నిన్న ఏం వారమే?"

"గురువారం."

అవ్వ నా మొహంలోకి చూసింది. పెంకు కింద పెట్టి, గోడకు చేరబడి, పళ్లు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. "నీ గురువారం పాడుగాను! నిన్న శుక్రవారం గాదె! శుక్రవారం, దీపం పెట్టినంక, ఇంట్ల నిప్పు గడప దాటిస్తరా ఎవరన్న? మీ ఊళ్లె ఇస్తరా?"

ఇవ్వరు. మా ఊళ్లోనూ ఇవ్వరు. మా అమ్మ ఇవ్వదు, నేనూ ఎన్నడూ ఇవ్వలేదు. ఇంటి లక్ష్మి వెళ్లిపోతుందని మాకు పుట్టినప్పటి నుంచి చెప్పిన మాట. ఎవరైనా శుక్రవారం దీపాల వేళ మా గుమ్మంలోకి పిడకతో వస్తే నేనైతే రేపు రమ్మని కూడా అనేదాన్ని కాదు, తరిమేదాన్ని. గోపాల్‌పేటలో బండి కింద పోగొట్టుకున్న రోజు నాకు అప్పుడు దొరికింది. హోటల్ పొయ్యి ఎవరి ఇంటి పొయ్యీ కాదు, దానికి శుక్రవారం లేదు. అందుకే ఆయన ఇచ్చాడు.

"మరి నిన్ననే చెప్పొచ్చు గదా, శుక్రవారమని?"

"తెల్వనోళ్లుంటరని మాకేం తెల్సు? తెలిసే అడిగినవనుకున్న. నిండు మనిషి, పరేషాన్‌ల ఉన్నది, ఏమన్నంటె మనసుల పెట్టుకుంటదని ఊకున్న. నువ్వేమో పాడె దాకా పోతివి!"

నేను పెంకు అందుకున్నాను. లోపలికి పోయి మా ఆయనను లేపాను.

"నిన్న శుక్రవారమని నీకు తెల్సా?"

ఆయన కళ్లు నులుముకున్నాడు. "తెల్సు."

"తెల్సి చెప్పలేదా?"

"చెప్తె ఆ గల్లీలనే ఉంటనంటవు. ఆడ బండి తిరగదు. ఎడ్లను ఏడ కట్టాలె, నీ నెత్తిల కట్టాలెనా?"

గుమ్మంలో అవ్వ ఇది విని, "ఎడ్ల కోసరం ఇల్లు చూస్తుండు, పెండ్లం కోసరం గాదు" అంది, ఎవరితోనో అన్నట్టు. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆ పొద్దే సామాను మళ్లీ ఎత్తి, గల్లీలోని ఆ ఖాళీ గదికి మారాం. ఎత్తడానికి పెద్దగా ఏముంది, రెండు మూటలు, నాలుగు కుండలు, ఒక ఇసురు రాయి. ఇసురు రాయి దూదేకుల వదిన వాళ్లాయన మోశాడు. ఎడ్లూ బండీ బజారు వీధి దొడ్డిలోనే ఉన్నాయి. మా ఆయన రోజూ అక్కడికి నడిచిపోయేవాడు, గొణుక్కుంటూ.

ఆ గల్లీ అందంగా ఉండేదని చెప్పను. మురికి నీళ్లు నడుమ నుంచే పారేవి. దూది పింజలు గాలికి ఎగిరి కూరలో పడేవి. పొద్దున లేస్తే అవ్వా కోడలూ కొట్లాట, మధ్యాహ్నానికి కలిసి తినడం. ఎవరింట్లో ఏం వండారో అందరికీ తెలిసేది. నాకు అదే కావాలి. ఒకరి దగ్గు ఇంకొకరికి వినపడే చోటు నాకు కావాలి.

సిలువ గీసిన ఇంట్లో అక్క కూలికి పోయేది. మా ఊళ్లో అయితే ఆమె కులం వాళ్లను గడప దాటనిచ్చేవాళ్లు కాదు. నేనూ దాటనిచ్చేదాన్ని కాదు, ఉన్నమాట రాస్తున్నాను. మొదట్లో ఆమె బయట నిలబడి మాట్లాడేది, నేను లోపల కూర్చుని మాట్లాడేదాన్ని. ఇద్దరికీ అది మామూలే అనిపించేది.

ఇక ఆ సోమవారం. మా ఆయన ఆదివారమే బస్తాలతో స్టేషన్‌కు పోయాడు. తెల్లారగానే నొప్పులు మొదలయ్యాయి. ఇంకా రోజులున్నాయనుకున్నాం, లేవు. నేను ఒక్కసారే అరిచాను. రెండోసారి అరిచే పని పడలేదు.

కార్తీక సోమవారం. అవ్వా కోడలూ తలస్నానాలు చేసి, ఉపవాసం ఉండి, శివుడి గుడికి దీపాలు సర్దుకుంటున్నారు. పురిటింట్లో అడుగు పెడితే మైల. ఆ రోజు దీపం లేదు, గుడి లేదు, మొక్కు పోయినట్టే. నొప్పుల్లో కూడా నాకు అది తెలుసు. నిప్పు విషయంలో శుక్రవారాన్ని ఇంతైనా సడలించని మనిషి ఆమె. గుమ్మం బయటే నిలబడి ఏదో చెప్తుందిలే అనుకున్నాను.

కోడలు అంది. "అత్తా, నోము ఇంక ఒక్క వారమే ఉన్నది. దూదేకులామె ఉన్నది గదా, ఆమె చూస్తది తియ్."

"సోమవారం మళ్లొస్తదే. ఈ బిడ్డ మళ్లొస్తదా? నీళ్లు కాగవెట్టు పో!" అంటూ అవ్వ కొంగు బిగించి లోపలికి వచ్చేసింది. వెనకే వదిన. ఆ వెనక సిలువ ఇంటి అక్క గడప దగ్గర ఆగింది. అవ్వ తలెత్తి చూసి, "ఏందే చుట్టమోలె నిలబడ్డవు? దా, ఈమె నడుము పట్టు" అంది. అక్క గడప దాటింది. నా వెనక కూర్చుని, రెండు చేతులూ నా చంకల కింద వేసి ఎత్తిపట్టింది. ఆ చేతులు బండరాళ్లలా ఉన్నాయి. నేను వాటిని పట్టుకునే కన్నాను. వదిన వాళ్లాయన మంత్రసాని కోసం ఉరికాడు. ఆమె ఇంకో వాడలో కాన్పు చేస్తోందట, ఆయన కబురు పెట్టి వచ్చి గల్లీ మొదట్లో కాపలా నిలబడ్డాడు.

బిడ్డ పడింది. ఏడవలేదు.

మోటబావి దగ్గరి నిశ్శబ్దమే మళ్లీ వచ్చిందని నాకు అనిపించింది. "చెప్పుండ్రి, ఉన్నదా లేదా?" అన్నాను. అక్క వేలితో బిడ్డ నోరు శుభ్రం చేసి తలకిందులుగా పట్టుకుంది. అవ్వ అరికాళ్ల మీద చరిచింది. వదిన ఇత్తడి పళ్లెం తీసి గరిటెతో చెవి పక్కనే టంగుటంగున కొట్టింది. కొడుతూనే ఉంది. కోడలు వేడినీళ్ల బిందెతో గుమ్మంలోకి వచ్చి, నోము సంగతి మరిచి, బిందె దించి లోపలికే వచ్చేసింది. పళ్లెం మోతలో సంస్థానం గంట కూడా కలిసింది. అప్పుడు సన్నగా, పిల్లికూన అరిచినట్టు, ఒక ఏడుపు. తర్వాత పెద్దది.

"మొగపిల్లగాడు. నోరు తల్లిదే" అంది కోడలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్షరాలు నేను చాలా ఆలస్యంగా, మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. నా పేరు రాయడం వచ్చాక, నేను రాయదగ్గ మాట ఇంకేముందా అని ఆలోచిస్తే వీళ్లే గుర్తొచ్చారు. వీళ్లకు నేను ఏమీ తిరిగి ఇవ్వలేకపోయాను, అట్లాంటిది తిరిగి ఇవ్వడం ఉండదు కూడా. ఆ రోజు మా ఆయన లేడు, మర్నాడు వచ్చాడు. ఉన్నవాళ్లు వీళ్లు: గుడి దీపం వదిలేసి వచ్చిన అవ్వ. అవ్వ కోడలు. దూదేకుల వదిన. గల్లీ మొదట్లో నిలబడి అటు మనిషిని ఇటు రానివ్వని వాళ్లాయన. సిలువ ఇంటి అక్క. అంతా అయ్యాక వచ్చి, బొడ్డు సరిగ్గానే కోశారని అవ్వను మెచ్చుకున్న మంత్రసాని. నేను. నా కొడుకు.