కింద పడ్డవాడే దొర

అది 2006. గోదావరిఖనిలో కంపెనీ దవాఖానలో నేను హెడ్ నర్సుగా ఉన్నాను. వారానికి రెండు రోజులు గనుల దగ్గరికి వెళ్ళి కార్మికులకు ఫస్ట్ ఎయిడ్ క్లాసు చెప్పే పని కూడా నాదే. ఫస్ట్ ఎయిడ్ అంటే డాక్టరు చేతికి చేరేలోపు పక్కనున్న మనిషి చేసే వైద్యం. నా పెట్టెలోని నల్ల బ్యాడ్జి మీద ఎనిమిది మొనల తెల్ల సిలువ ఏమిటని మొన్న ఫోన్లో అడిగారు కదా పిల్లలూ. ఫోన్లో చెబితే సగంలో ఆగిపోతుందని రాస్తున్నాను.

ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు మా డాక్టరు గారు ఆ సిలువ కథ చెప్పేవారు. ఆయనది సగం ఇంగ్లీషు. దాన్ని కార్మికులకు అర్థమయ్యేలా నేను తెలుగులో చెప్పాలి. దాదాపు వెయ్యేళ్ళ కిందట జెరూసలేములో, యాత్రకు వచ్చి జబ్బుపడ్డవాళ్ళ కోసం ఒక సత్రం లాంటి దవాఖాన ఉండేది. ఏ మతమని అడగకుండా చేర్చుకునేవారట. అక్కడ సేవ చేసేవాళ్ళు సన్యాసుల్లాంటివాళ్ళు, ఈ సిలువ వాళ్ళ గుర్తు. తర్వాత వాళ్ళు కత్తులూ పట్టారు, యుద్ధాలూ చేశారు, ఊరు పోగొట్టుకుని ఒక దీవి నుంచి ఇంకో దీవికి మారారు. రోగుల సేవ మాత్రం వదల్లేదు. వెండి గిన్నెల్లో అన్నం పెట్టేవారట. ఇప్పటికి వందేళ్ళకు పైమాటే, ఇంగ్లాండులో గనుల్లో, రైల్వేల్లో దెబ్బతిన్నవాళ్ళు డాక్టరు వచ్చేలోపే చనిపోతుంటే, కొందరు ఆ పాత సిలువనే గుర్తుగా పెట్టుకుని, జీతం లేకుండా కూలీలకు కట్లు కట్టడం నేర్పారు. ఆ చదువే చేతులు మారుతూ మన బొగ్గు గనుల దాకా వచ్చింది.

ఆ ఏడు ఒక బ్యాచ్‌కి ఈ కథ చెబుతూ నేను అంతకుముందెప్పుడూ చెప్పని ఒక మాట అన్నాను. ఆ సత్రంలో రోగులను 'మా దొరలు' అనేవారట, తమను సేవకులమని చెప్పుకునేవారట అని.

వెనక బెంచీలో ఓదెలు లేచి నిలబడ్డాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ అతను. కమాన్‌పూర్ వైపు ఊరు. చదువు లేదు, మాట తక్కువ. అన్నేళ్ళ ఎరుకలో అతను నా ముందు నోరు విప్పడం అదే మొదలు.

"మా అయ్య దొర గడీల వెట్టి చేసిండు సిస్టరమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ మాట మా ఇంట్ల ఎవ్వలం అనం."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కోటలాంటి ఆ దొర గడీలో కూలి లేకుండా చాకిరీ చేసి, ఆ బతుకు వద్దనుకునే కదా వాళ్ళ ఇళ్ళవాళ్ళు గనికి వచ్చింది. ఏం జరిగిందని డాక్టరు గారు అడిగితే చెప్పాను. ఆయన, మీరు వదిలి వచ్చిన దొర కుర్చీలో కూర్చున్నవాడు, ఈ సత్రంవాళ్ళు చెప్పే దొర కింద పడ్డవాడు అన్నారు. ఓదెలు కూర్చున్నాడు.

అతని బావమరిది మల్లేశం కూడా అదే బ్యాచ్. బొగ్గు నింపే ఫిల్లర్, నోరున్నవాడు. ఆ రోజు నుంచి వేలు గీరుకున్నా సరే, "బావా, నేను దొరను. జర కాళ్ళొత్తు" అని ఏడిపించేవాడు. ఓదెలు అప్పటికే సర్టిఫికెట్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. కట్లు బాగా కట్టేవాడు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ షాక్ అంటే ఏమిటి, గుర్తులేమిటి అని అడిగితే మాత్రం నేల చూపులు చూసేవాడు. అడిగింది తెలియదని రాసి పంపేవారు. నీ నోట్ల మాట పుట్టదు, నీకెందుకీ పరీక్ష అని మల్లేశం నవ్వేవాడు.

ఎండాకాలం, మొదటి షిఫ్టు. నేను గని మీద ఫస్ట్ ఎయిడ్ రూములో దూది, బ్యాండేజీలు సర్దుతున్నాను. పొద్దున పదిన్నరకు కింది నుంచి ఫోన్ వచ్చింది. పైకప్పు నుంచి బండ ఊడి మల్లేశం వీపు మీద పడిందట, కాళ్ళలో స్పర్శ సరిగా లేదంటున్నాడట.

అంబులెన్సు గని ముఖం దగ్గర పెట్టించి నిలబడ్డాను. మామూలుగా అయితే పావుగంటలో మనిషి పైకి వస్తాడు. మన గనివాళ్ళది ప్రేమ కదా, తోటివాడు పడ్డాడంటే ఒకరు చంకల్లో చేతులేసి, ఒకరు కాళ్ళు పట్టుకుని, ఉరుకులు పరుగుల మీద తెచ్చేస్తారు. నేను భయపడింది ఆ ప్రేమకే. నడుము ఎముక విరిగి ఉంటే ఆ ఒక్క ఎత్తుడుతో నరం తెగుతుంది, మనిషి ఇక జన్మలో నడవడు.

పావుగంట గడిచింది, అరగంట గడిచింది. ఎవరూ రాలేదు.

కింద ఏం జరిగిందో తర్వాత వాళ్ళే చెప్పారు. ఓదెలు ముందు తలెత్తి పైకప్పు చూశాడట. మల్లేశానికి అటూ ఇటూ రెండు దుంగలు బిగించి, ఇంకో బండ పడదని నమ్మకం కుదిరాక మోకాళ్ళ మీద కూర్చుని అతని తలను రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

"బావా, నా కాళ్ళున్నయా?" అని అడిగాడట మల్లేశం.

"ఉన్నయి. నేను చూస్తున్న. నువ్వు మెడ తిప్పకు."

అప్పటికే నలుగురు ఎత్తడానికి వంగారు. ఆ చోటుకు బాధ్యుడైన మైనింగ్ సర్దార్, జల్ది ఎత్తండి, ఏమన్నా అయితే జవాబు చెప్పేది నేను అని కేకలేస్తున్నాడు. అటెండెన్సు గుమస్తా ముందు కూడా కళ్ళెత్తని ఓదెలు సర్దార్ ముఖంలోకి చూశాడట.

"ఎవ్వలు ముట్టద్దు. ఇయ్యాల ఈయన దొర. దొర కదలడు, మనమే కదలాలె."

ఇంట్లో ఎవ్వరూ అనని మాట. సర్దారే వెళ్ళి స్ట్రెచర్ తెచ్చాడట. తలను కాసేపు అతనికి పట్టించి, ఓదెలే కట్లన్నీ కట్టి, మళ్ళీ తల పట్టుకున్నాడట.

వాళ్ళు పైకి వచ్చేసరికి గంట దాటింది. నేను నా సర్వీసులో అలాంటి ఊరేగింపు చూడలేదు. నలుగురు స్ట్రెచర్ మోస్తూ అడుగులో అడుగు వేస్తున్నారు. తల పక్కన ఓదెలు వంగి, ఆ చేతులు తీయకుండా, ఏటవాలు దారి మొత్తం అలాగే నడిచి వచ్చాడు. నడుము కింద సందులో తువ్వాలలు, తలకు రెండు వైపులా చుట్టిపెట్టిన ఓదెలు అంగీ, కాళ్ళ మధ్య మెత్త. ఒంటి మీద ఏడు కట్లు. ప్రతి ముడీ రీఫ్ నాట్, అంటే ఎంత బిగించినా జారదు, విప్పాలంటే మాత్రం సులువుగా వస్తుంది. ప్రతి ముడీ పక్కకే ఉంది, ఒక్కటీ ఒంటికి ఒత్తుకోలేదు. నేను మెడకు కాలర్ వేసి, ఇక వదలమంటే ఓదెలు వేళ్ళు చాపలేకపోయాడు.

దవాఖానలో డాక్టరు గారు కత్తెర అడగలేదు. ఆ ముడులను కాసేపు చూసి, తన చేతులతో ఒక్కొక్కటీ విప్పారు. ఎక్స్‌రేలో నడుము ఎముక చిట్లి ఉంది. నరం తెగలేదు. ఊపుకుంటూ తెచ్చి ఉంటే తెగేదే అన్నారు. వెయ్యేళ్ళ కింద ఎవరో పేరు తెలియని మనిషి ఒక రోగి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు కదా, ఆ మనిషి చేతులను నేను ఆ పొద్దు బొగ్గు మసిలో చూశాననిపించింది.

మల్లేశం లేచి నడవడానికి నెలలు పట్టింది. గని మీద తేలిక డ్యూటీ ఇచ్చారు. ఆ ఏడు చివర ఓదెలు మూడోసారి పరీక్షకు వచ్చాడు. పేషెంటుగా పడుకోవడానికి ఒక మనిషి కావాలంటే మల్లేశం తానే ముందుకొచ్చి నేల మీద మెల్లగా పడుకున్నాడు.

ఎగ్జామినర్ ప్రశ్న అడిగాడు. ఓదెలు ఎప్పటిలాగే నేల చూశాడు. ఆ నేల మీద ఈసారి మల్లేశం ఉన్నాడు. ఓదెలు మోకాళ్ళ మీదికి వంగి అతనితో మాట్లాడడం మొదలుపెట్టాడు.

"దొరా, నీకు చెమటలు పడుతున్నయి, ఒళ్ళు చల్లగైంది, నాడి ఉరుకుతున్నది. దీన్నే షాక్ అంటరు. ఫికర్ చెయ్యకు, దుప్పటి కప్పుతున్న. నీళ్ళడిగితే ఇయ్య, ఆపరేషన్ పడొచ్చు."

రెండేళ్ళుగా రాని జవాబులన్నీ వరసగా వచ్చాయి. ఎగ్జామినర్ పెన్ను కింద పెట్టి విని, చివర పాసని రాశాడు. మల్లేశం కళ్ళు తుడుచుకుంటూ, "కాళ్ళొత్తుడు మరిచినవ్ బావా" అన్నాడు.

ఓదెలుకు అన్నీ ముందే తెలుసు. ఆ జవాబులు నాకు చెప్పమని, ఎగ్జామినర్‌కు చెప్పమని అడగడమే నా తప్పు. ఆ సత్రంవాళ్ళు ఎవరికి జవాబుదారులో నేనే నోటితో చెబుతూ, నా క్లాసులో మాత్రం దొరలా కుర్చీలో కూర్చున్నాను. తర్వాతి బ్యాచ్ నుంచి రిటైరయ్యే దాకా ఒక్క జవాబు కూడా నాకు చెప్పనివ్వలేదు. కింద పడుకున్నవాడికి చెప్పమన్నాను.