స్పష్టమైన గొంతు

రేడియోలో వార్తలు చదివే ఆయనకు తన గొంతే ఇలవేల్పు. గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి, మెడకు మఫ్లరు చుట్టి, పెళ్లికొడుకులా మైకు ముందు కూర్చుంటాడు. ఊళ్లోని ఒక వర్గంవాళ్లను "పురుగులు" అన్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లుండే వీధుల పేర్లు చదివేటప్పుడైతే కాలు ఒకచోట నిలవదు. విన్నవాళ్లు కత్తులు పట్టుకుని ఆ వీధులకే బయలుదేరుతారు. దాన్ని తన ప్రతిభకు జరుగుతున్న సన్మానంగా ఆయన వినయంగా స్వీకరిస్తాడు. ఈ ఉదయం మధ్యలో పాట వేసినప్పుడు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇప్పుడు నువ్వు చదివింది మా వీధే. మీ బావ వాళ్లలో మనిషని మర్చిపోయావా? పిల్లలతో అటక మీద దాక్కున్నాం రా."

"అది సరే అక్కా, నా గొంతు స్పష్టంగా వినపడిందా?"

అక్క ఫోన్ పెట్టేసింది. వినపడలేదేమోనన్న బెంగతో, పాట అయిపోగానే ఆయన ఆ వీధి పేరు ఇంకోసారి, ఒక్కో అక్షరం విడదీసి చదివాడు.